షిప్పా, గుట్టలా

జలపతి ఫోన్ చేసినప్పుడు నవ్య ఒక ముసలాయన మోచేతి మడతలో నరం వెతుకుతోంది. జగిత్యాలలో ఆ ప్రైవేటు దవాఖానా ల్యాబు పొద్దున పూట ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. రబ్బరు పట్టీ బిగించి, వేలితో చర్మం మీద తట్టి, నరం ఉబ్బేదాకా ఆగింది. కోటు జేబులో ఫోన్ మోగి ఆగి మళ్లీ మోగింది. ట్యూబు నిండాక సూది తీసి, దూది అద్ది, "చెయ్యి మడువు తాతా, గట్టిగ పట్టుకో" అని చెప్పి అప్పుడు ఎత్తింది.

"నవ్యా, నేను జలపతిని. టవర్ దగ్గర ట్రావెల్స్. మీ బాపు ఫోన్ ఎత్తుతలేడు, డ్యూటీల ఉన్నట్టున్నడు. డిపోల అడిగితే నీ నంబర్ ఇచ్చిండ్రు. షిప్పా, గుట్టలా అన్నది జెర తేల్చమను. దసరా అయినంక పోయే బ్యాచి. ఇద్దరికి ఆపిపెట్టిన. ఇంక ఆపరాదు."

"ఇద్దరికా అన్నా?"

"ఇద్దరికే. గుట్టలంటే మనాలి దిక్కు, గైడు ఎంబడే ఉంటడు. షిప్పంటే ముంబై నుంచి. ఏదో ఒకటి చెప్పమను తల్లీ."

ఫోన్ పెట్టేశాక నవ్యకు నవ్వొచ్చింది. తండ్రి ఇట్లాంటి పని చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు. కోరుట్ల ఇంట్లో ఉన్నది ఇద్దరే, తనూ, బాపూ. అమ్మ పోయిన తర్వాత ఇద్దరూ కలిసి పెండ్లిళ్లకూ చావులకూ తప్ప ఎక్కడికీ పోలేదు. నమూనాల మీద పేర్లు అంటిస్తూనే మధ్యాహ్నమంతా మనసులో గుట్టలెక్కింది, షిప్పెక్కింది. మంచులో నడవడానికి బూట్లు కొనాలా, షిప్పులో కడుపులో తిప్పుతుందా అని తోటి అమ్మాయిని అడిగింది. చివరికి షిప్పే బాగుంటుందనుకుంది. బాపు బతుకంతా బస్సులో నిలబడే ఉన్నాడు, కొన్నాళ్లు కుర్చీలో కూర్చుని నీళ్లను చూస్తాడు కదా అని.

నవ్య తండ్రి దేవేందర్ బస్సు కండక్టరు. తాత చెట్లెక్కి కల్లు గీసినవాడు. తండ్రి మాత్రం చెట్లెక్కే ఆ మోకు ముట్టలేదు, టికెట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, అమ్మ ఫోటో మీది దుమ్ము కండువాతో తుడిచి, ఆ రోజు బస్సులో జరిగినవన్నీ చెప్పుకుంటూ అన్నం తినడం ఆయనకు అలవాటు. ఎవరు ఎవరితో కొట్లాడారో, ఏ ముసలమ్మ ఆధార్ కార్డు మరిచిపోయి దేవుళ్ల మీద ఒట్టేసిందో అన్నీ చెప్తాడు.

ఆ సాయంత్రం కూడా చెప్తున్నాడు. నవ్య వింటూ వింటూ, ఆయన నోటినుంచే రానిద్దామని, తోవ ఇచ్చింది.

"బాపూ, దసరా అయినంక ఎటన్న పోదామా?"

నమిలే నోరు ఆగింది. "ఎటు పోతం బిడ్డా? పండుగకు స్పెషల్ బస్సులుంటయి. లీవు ఇయ్యరు."

"గుట్టల దిక్కు గిట్ల. లేకుంటే సముద్రం."

దేవేందర్ చెంబెత్తి నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు. "గవన్ని మనకెందుకు? నీ దోస్తులు పోతుంటే నువ్వు పో, నేనెందుకు ఒద్దంట?" అన్నాడు, పళ్లెంలోకి చూస్తూ.

నవ్య జలపతి పేరెత్తలేదు. ఎత్తాలనిపించలేదు. ఇద్దరికి ఆపిపెట్టిన సీట్లలో ఒకటి తనది కాదన్న సంగతి అప్పుడు, ఆ నీళ్లు తాగడంలో, ఆమెకు అర్థమైంది.

గిన్నెలు తోముదామని తండ్రి డ్యూటీ సంచీ విప్పితే రెండు టిఫిన్ గిన్నెలు బయటపడ్డాయి. తను పొద్దున కట్టిన బీరకాయ కూర, అన్నం మూత తీయకుండా అట్లాగే ఉన్నాయి. రెండో గిన్నె ఎవరిదో. దాంట్లో సర్వపిండి ముక్క ఒకటి మిగిలింది. కరివేపాకు సన్నగా తుంచి వేసి, అంచులు ఎర్రగా కాల్చిన సర్వపిండి. మూత మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది: వెంకటవ్వ.

ఎవరీ వెంకటవ్వ? నవ్య నల్లా కట్టేసి ఆలోచించింది. ఈ మధ్య బాపు జుట్టుకు రంగు వేస్తున్నాడు. అందరూ తప్పించుకునే సిరిసిల్ల రూటు తానే అడిగి వేయించుకుంటున్నాడు. షేవింగ్ చేసుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏమీ లేదు. అన్నీ కలిపి చూస్తే ఒళ్లు మండింది. అన్నిటికంటే ఎక్కువగా, ఇంత చేస్తూ రోజూ అమ్మ ఫోటో తుడవడం మండించింది.

మర్నాడు ల్యాబులో భోజనాల విరామం ఇవ్వగానే నవ్య టవర్ సర్కిల్‌కు నడిచింది. జలపతి ఆఫీసు ఒక మొబైల్ దుకాణం మీద ఉంది. గోడకు ఒకవైపు మంచు కొండలు, మరోవైపు తెల్లటి ఓడ. ఆయన టీ తెప్పించాడు.

"బాపు ఏమన్నడు?"

"ఏం తేల్చలే అన్నా. రెండింటికి ఫరకేంది?"

"ఫరకంటే..." జలపతి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "గుట్టలకు పోయేటోల్లంత మనోల్లే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. సార్లు, మేడములు, దుకాండ్లోల్లు. గైడు జెండ పట్టుకోని ముందు నడుస్తడు, అందరు ఆయన ఎనుక. తినుడు, పండుడు అంత ఒక్కతాన్నే. షిప్పయితే ఎవల గది వాల్లది. దేశంల ఉన్నోల్లంత ఉంటరు, మన దిక్కోల్లు ఒక్కలుండరు. మీ బాపు షిప్పే అంటుండు. ఆమెనేమో గుట్టలైతెనే అస్త, లేకుంటే రాను అంటదట. గీ పంచాయితీ నేనెట్ల తెంపుదు?"

టీ గ్లాసు నవ్య పెదవి దగ్గరే ఆగిపోయింది. "ఆమెనా?"

జలపతి ఆమె మొహం చూసి కుర్చీలో వెనక్కి జరిగాడు. "నీకు తెలుసనుకున్న."

"తెలుసు," అంది నవ్య. "సిరిసిల్ల. వెంకటవ్వ."

"పేరు నాకు తెల్వది. బీవై నగర్‌ల మగ్గాలకు కండెలు చుడ్తదన్నడు." ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. "నేను చెప్పిన్నని అనకు తల్లీ."

మెట్లు దిగుతుంటే నవ్యకు అంతా తేటగా కనబడింది. ఆ వెంకటవ్వ ఎవరో గడుసు మనిషి. షిప్పులో ఎవరూ చూడరు. గుట్టల్లో అయితే కోరుట్ల వాళ్లంతా చూస్తారు. నలుగురి కళ్ల ముందు బాపు పక్కన నడిచి, ఆయన ఇక తప్పించుకోలేకుండా ముడి వేస్తుంది. తరువాత ఇంట్లోకి వస్తుంది. ఆ తరువాత ఫోటో గోడ మీంచి దిగుతుంది.

తండ్రికి నిజామాబాద్ డ్యూటీ పడిన రోజు చూసి నవ్య సెలవు పెట్టింది. ఎప్పటిలాగే జగిత్యాలకు పోతున్నట్టు ఇంట్లోంచి బయలుదేరి సిరిసిల్ల బస్సెక్కింది. కండక్టరు దినేశ్, బాపు దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇంటికి కూడా వచ్చిపోయే మనిషి. ఆమె ఆధార్ కార్డు చూపి "సిరిసిల్ల" అనగానే మిషన్ మీద వేలు నిలిచింది.

"సిరిసిల్లల పనేమన్న ఉన్నదా చెల్లే?"

"ఉన్నది."

"బాపుకు తెలుసా?"

"తెల్వాల్నా అన్నా?"

దినేశ్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి చేతిలో పెట్టి ముందుకు వెళ్లిపోయాడు. రుద్రంగిలో బస్సాగితే డ్రైవరు చెవిలో ఏదో అన్నాడు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి, నవ్య కూడా అటే చూస్తుండటంతో చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. అంటే డిపో మొత్తానికి తెలుసు. ఇంట్లో వండి పెట్టేదానికే తెలియదు.

బీవై నగర్‌లో ఏ సందు తిరిగినా సాంచెల మోతే. గోడల అవతల ఆ మరమగ్గాలు టకటకమంటుంటే కాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. వెంకటవ్వ ఇల్లేదని అడిగితే ఒకావిడ చేత్తో చూపించి, నవ్యను కింది నుంచి పైదాకా చూసి నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు.

గడపలో ఒక ముసలమ్మ కూర్చుని, వాడేసిన కండెల మీద మిగిలిన దారం విప్పుతోంది. నోట్లో పళ్లు లేవు.

"వెంకటవ్వ ఉన్నదా అవ్వా?"

"నేనే. ఎవలు నువ్వు?"

నవ్య అనుకుని వచ్చిన మాటలేవీ ఈ ముసలమ్మకు సరిపోవు. "లంగల బట్ట కావాలె. ఇక్కడ దొరుకుతదన్నరు."

"బట్ట దుకాండ్ల దొరుకుతది. ఇంట్లెందుకు దొరుకుతది?" ముసలమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చూసి, ఒళ్లోని కండెలు పక్కకు పెట్టింది. "కోరుట్ల నుంచి అచ్చినవా? ఆ ముక్కు, ఆ నొసలు... నాకు కండ్లు కనిపిస్తయి బిడ్డా. లోపలికి రా."

ముందు గదిలోనే కండెల మిషన్ ఉంది. దాని ముందు నలభై దాటిన ఆడమనిషి నిలబడి ఉంది. సన్నగా, నల్లగా ఉంది. జుట్టు మీద, కనురెప్పల మీద తెల్లటి నూలు నూగు. వరుసగా కండెలు గిర్రున తిరుగుతుంటే ఆమె చూపు ఒకదాని మీంచి మరొకదాని మీదికి పోతోంది. ఒక పోగు తెగింది. తెగిన కొస దొరకబుచ్చుకుని, బొటనవేలి మీద వేసి ఒక్క మెలికతో ముడేసి వదిలింది. నవ్యను చూశాక కూడా చేతిలో ఉన్న కండె నిండేదాకా ఆగి, అప్పుడు స్విచ్చి ఆపింది. ఆపి రెండు మూడుసార్లు దగ్గింది.

"నవ్యవు గదా," అంది. "నేను స్వరూపను. కూసో. నీళ్లు తాగుతవా?"

"నీళ్లకు రాలే."

"తిట్టనీకచ్చినవా?"

"మా బాపును ఎన్నడు దొరకబట్టుకున్నవో అడుగుదామని అచ్చిన."

స్వరూప మొహంలో ఏమీ మారలేదు. కొంగుతో కనురెప్పల మీది నూగు తుడుచుకుంది. గడపలోంచి వెంకటవ్వ అంది: "ఆమె దొరకబట్టలే. నేను దొరకబట్టిన. నా కొడుకు పోయినంక తల్లిగారింటికి పొమ్మంటే ఈమె పోలే. నన్ను ఇడువలే. మరి నేను సచ్చినంక ఈమెకు ఎవలు? బస్సుల ఆయనను చూసిన, మంచి మనిషనుకున్న, నేనే అడిగిన. ఉగాది అయినంక వేములవాడల దగ్గరుండి చేసిన."

"ఏం చేసినవ్?"

జవాబుగా స్వరూప జాకెట్టు లోపలికి చెయ్యి పెట్టి పసుపుతాడు బయటికి లాగింది. రెండు పుస్తెలు. ఒంటి చెమటకు తాడు రంగు మారింది.

"లోపల ఏసుకోమన్నడు," అంది. "కొన్ని దినాలే అన్నడు. తాడు దాస్తున్న, మట్టెలు ఎట్ల దాచాలె? గల్లీల అడుగుతరు, ఎవలు పెట్టిండ్రు, ఎవల పేరు మీద పెట్టుకున్నవ్ అని. నువ్వు అచ్చేటప్పుడు ఎవలన్న నవ్విండ్రా?"

నవ్య ఆమె కాళ్ల వైపు చూసింది. పగిలిన వేళ్లకు కొత్త మట్టెలు.

"ఎందుకు దాచుడు?"

స్వరూప చూపు మారింది. ఇంతసేపూ నవ్య ఆమెను ఎట్లా చూస్తూ ఉందో, ఇప్పుడు ఆమె నవ్యను అట్లా చూసింది. "ఎందుకో నీకు తెల్వదా? నువ్వే గద ఒద్దన్నవ్. మీ అమ్మ జాగల ఇంకొకామె అడుగు పెడితే ఇంట్ల ఉండనన్నవట. అన్నం గూడ ముట్టలేదట. పిల్ల మనసు మెత్తవడేదాక ఆగు స్వరూపా అన్నడు. ఆగుతున్న."

మిషన్ ఆగిపోయినా పక్కింటి సాంచెల మోత గోడలోంచి వస్తూనే ఉంది. నవ్యకు కూర్చోవాలనిపించి, అక్కడున్న పీట మీద కూర్చుంది.

"నన్ను ఎవలు అడగలే," అంది.

వెంకటవ్వ తల ఎత్తింది. "ఏమన్నవ్?"

"నన్ను అడగనే లేదవ్వా. నాకు ఈ ముచ్చటే తెల్వది."

స్వరూప చెప్పేది అబద్ధమని నమ్మడానికి నవ్య ఒక చివరి ప్రయత్నం చేసింది. ఇదంతా అల్లిన కథేమో, అత్తాకోడళ్లు కలిసి ఆడుతున్న నాటకమేమో. కానీ ఎంత పట్టుకున్నా ఆ అనుమానం నిలబడలేదు. పళ్లెంలోకి చూస్తూ చెంబెడు నీళ్లు తాగిన మనిషే కళ్ల ముందు నిలబడ్డాడు.

"మరి టూరు?" అని అడిగింది.

స్వరూప నవ్వింది, సంతోషం లేని నవ్వు. "ఇంటికి తీస్కపో అంటే టూరు తీస్కపోత అన్నడు. షిప్పుల పోదాం, ఎవ్వలుండరు, ఇద్దరం చెయ్యి పట్టుకోని తిరగచ్చు అన్నడు. సముద్రం మీద నేను ఆయన పెండ్లాన్నే. ఒడ్డుకు దిగినంక ఎవలను? అందుకే గుట్టలన్న. జలపతి బ్యాచిల కోరుట్లోల్లు ఉంటరట గద. ఒక్కరన్న అడుగుతరు, దేవేందర్, ఈమె ఎవలని. ఆయన ఏం చెప్తడో నేను ఇనాలె."

"నాలుగు మెట్లెక్కితే ఆయాసమస్తది దీనికి," అంది వెంకటవ్వ. "సాంచెల దుమ్ము ఛాతీల కూసున్నది. గుట్టలెక్కుతదట."

నవ్య లేచింది. "నాతోని నడువు. ఇప్పుడే పోదాం కోరుట్లకు."

స్వరూప తల అడ్డంగా ఊపింది. "నువ్వు తీస్కపోతే చుట్టమచ్చినట్టుంటది నవ్యా. ఆయన తీస్కపోవాలె." మిషన్ వైపు తిరిగి, స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఆగింది. "అన్నం తిని పో. సర్వపిండి ఉన్నది."

నవ్య తినలేదు. ఇంకా అంత దూరం రాలేదు ఆమె మనసు. కానీ బయటికి వస్తుంటే ఇందాక నవ్విన ఆవిడ వాకిట్లోనే ఉంది. "ఏమైతరు నీకు?" అని అడిగింది. నవ్య ఆగి ఆమె మొహంలోకి చూసింది. మాట నోటిదాకా వచ్చింది. అది చెప్పాల్సింది తను కాదని గుర్తొచ్చి నడిచింది.

ఇంటికి వచ్చాక తండ్రి సాయంత్రమంతా నిజామాబాద్ ముచ్చట్లు చెప్పాడు. దినేశ్ ఆయనకు ఏమీ చెప్పినట్టు లేదు. నవ్య ఊ కొట్టింది. ఇంట్లో అడిగితే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఆయన నీళ్లు తాగుతాడు, కండువా దులుపుతాడు, బీపీ గోలీ వేసుకోవాలని లేస్తాడు.

మర్నాడు పొద్దున జగిత్యాల బస్సుకు ఆయనే కండక్టరు. నవ్య రోజూ వెళ్లే బస్సు వదిలేసి దాన్నే ఎక్కింది. కాలేజీ పిల్లలు, కూరగాయల గంపలు, దవాఖానాకు పోయేవాళ్లతో బస్సు నిండిపోయింది. ముందు సీట్లో వాళ్ల వాడకట్టు లచ్చవ్వ మోకాళ్ల నొప్పుల సూదికి బయలుదేరింది. నవ్యను పక్కన కూర్చోబెట్టుకుంది.

దేవేందర్ జనంలోంచి ఒంటి భుజంతో దారి చేసుకుంటూ వచ్చాడు. కార్డు చూడటం, మీట నొక్కడం, టికెట్ చింపడం, "జరుగుండ్రి, ఎనుకకు జరుగుండ్రి" అనడం, అన్నీ ఒకే కదలికలా జరిగిపోతున్నాయి. నవ్య దగ్గరికి వచ్చి కార్డు అడగకుండానే మిషన్ మీద వేలు పెట్టాడు.

"బాపూ," అంది నవ్య, గొంతు పెంచకుండా. "నేను అన్నం ముట్టలేదని చెప్పినవట. ఏ రోజు ముట్టలే?"

వేలు ఆగింది.

"నిన్న సిరిసిల్లకు పోయిన. చిన్నమ్మను చూసిన."

మిషన్ టికెట్ కక్కింది. ఆయన దాన్ని చింపలేదు. మిషన్ కిర్రుమంటూ ఇంకొకటి కూడా కక్కింది. రెండూ వేలాడుతున్నాయి.

"నువ్వు ఒద్దంటవేమోనని..." అన్నాడు, పెదవులు మాత్రమే కదిలిస్తూ.

"అడిగితే గద ఒద్దనేది."

లచ్చవ్వ మోకాలు రుద్దుకోవడం ఆపింది. "చిన్నమ్మ ఎవలే? మీకు సిరిసిల్లల చిన్నమ్మ ఎక్కడిది?"

"బాపును అడుగు పెద్దమ్మా."

దేవేందర్ అప్పటికే వెనక్కి తిరిగాడు. జనంలోంచి తోసుకుంటూ వెనక డోరు వైపు పోతున్నాడు. లచ్చవ్వ ఊరుకునే మనిషి కాదు. సీటు పట్టుకుని సగం లేచి, బస్సంతా వినబడేటట్టు అడిగింది. "దేవేందర్, సిరిసిల్లల ఎవలున్నరు నీకు? పిల్ల చిన్నమ్మ అంటుంది?"

కాలేజీ పిల్లలు ఫోన్ల మీంచి తలలెత్తారు. డ్రైవరు అద్దంలోకి చూశాడు. నవ్య వెనక్కి తిరిగి చూడలేదు. తండ్రి పడే అవస్థ చూడాలని ఆమెకు లేదు. చూడకుండా ఉండటం కూడా కష్టంగానే ఉంది. ఏదో ఒక అబద్ధం వస్తుందనుకుంది. దూరపు చుట్టం అంటాడు. నవ్యకు తెలిసిన మేడం అంటాడు. ఆ మాట వస్తే ఇక ఈ మనిషితో ఒక ఇంట్లో ఎట్లా ఉండాలా అని ఆలోచిస్తోంది.

బస్సు ఒక గుంతలో పడి లేచింది.

"నా పెండ్లామే వదినా," అన్న మాట వెనక డోరు దగ్గర్నుంచి వచ్చింది. ఊరూరా స్టాపుల పేర్లు పిలిచే గొంతే, కానీ సగం లోపలికి పోయింది. ఆయనకే చాలలేదేమో, మళ్లీ అన్నాడు. "వేములవాడల చేసుకున్న. ఉగాది అయినంక. పేరు స్వరూప. పద్మశాలోల్లు."

ఒక పిల్లవాడు కిసుక్కున నవ్వితే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. లచ్చవ్వ కూర్చుని, కాసేపు కిటికీలోంచి పొలాలను చూసి, "మరి చెప్పొద్దా? మేమేమన్న తింటమా?" అని తనలో తాను అనుకుంది. వెనకనుంచి ఎవరో చిల్లర అడిగారు. దేవేందర్ చిల్లర లెక్కించి ఇచ్చాడు. ఒక నాణెం జారి కింద పడితే ఎవరో తీసి ఇచ్చారు.

జగిత్యాల బస్టాండులో అందరూ దిగేదాకా ఆయన మెట్టు పక్కనే నిలబడ్డాడు. నవ్య దిగాక, "బిడ్డా," అన్నాడు.

"ఆదివారం తీస్కరా," అంది ఆమె. "ఆటోల కాదు. బస్సు దిగి నడిపించుకుంట తీస్కరా." అప్పటికీ ఆమె కోపం తగ్గలేదు. తన పేరు మీద ఒక మనిషి ఇన్ని నెలలు మెడలో తాడు దాచుకుని బతికింది. అది ఒక్క మాటతో పోయేది కాదు.

ఆదివారం పగటిపూట దేవేందర్ ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వాడకట్టులో నడిచి వచ్చాడు. వెంకటవ్వ చెయ్యి పట్టుకుని ఆయన ముందు నడుస్తుంటే, స్వరూప చేతిలో సంచీతో ఒక అడుగు వెనక వచ్చింది. పుస్తెలతాడు చీర మీద ఉంది. గడపల్లో జనం నిలబడి చూశారు. లచ్చవ్వ ఎదురుగా వచ్చి, "గీమెనేనా?" అని అడిగి, జవాబు వినకుండానే వెంకటవ్వతో మోకాళ్ల నొప్పుల సంగతి మొదలుపెట్టింది.

నవ్య తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. లోపలికి రాగానే స్వరూప ఫోటో చూస్తుందని ఆమెకు తెలుసు. ఎట్లా చూస్తుందో చూడాలని అక్కడే ఉంది. స్వరూప ఫోటో ముందు ఆగింది. దండం పెట్టలేదు, కళ్లు ఒత్తుకోలేదు. కాసేపు చూసి, "నీకు నవ్వు అమ్మదే అచ్చింది," అని, వంటింట్లోకి వచ్చి కూరలో ఉప్పు ఎంత వేశావని అడిగింది. నవ్య అనుమానంగానే గరిటె చేతికిచ్చింది. ఆమె రుచి చూసి, "చాలు," అంది.

అందరూ అన్నాలకు కూర్చున్నాక దేవేందర్ ఫోన్ మోగింది. జలపతి. వినబడటానికని ఆయన స్పీకరు పెట్టాడు.

"దేవేందరన్నా, ఇయ్యాల్ల చెప్పకుంటే రెండు పోతయి. షిప్పా, గుట్టలా?"

"గుట్టలే రాయి," అన్నాడు దేవేందర్ ఛాతీ విరుచుకుని, అందరూ వినేటట్టు. "నేను, నా భార్య. ఎవలు అడిగినా అట్లనే చెప్పు. ఆమెకు గుట్టలే ఇష్టం."

"షిప్పు," అంది స్వరూప.

ఆయన ఫోన్ పట్టుకుని అట్లాగే చూశాడు. "ఏందే? గుట్టలైతెనే అస్త, లేకుంటే రాను అంటివి గద."

"అంటి. నాకు నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తది. గుట్టలేం ఎక్కుదు?" స్వరూప అన్నంలో కూర కలుపుతూ అంది. "చిన్నప్పటి సంది సముద్రం చూడాలని ఉండె. మానేరు డ్యాం చూసి గిదే సముద్రం అనుకునేదాన్ని."

"మరి గా ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా? షిప్పుల ఎవ్వలుండరు అన్నవు. నీకు షిప్పు ఇష్టమా అని అడగలే."

దేవేందర్ చెయ్యి చెంబు మీదికి పోయింది. నవ్య అది చూసి, ఆయన ఎత్తేలోపల చెంబు తన వైపు జరుపుకుంది. స్పీకరులోంచి జలపతి హలో హలో అంటున్నాడు. వెంకటవ్వ చిగుళ్లతో కోడికూర నములుతూ ఎవరి వైపూ చూడలేదు.

దేవేందర్ పెండ్లాం మొహంలోకి చూశాడు. నీళ్లు లేకుండానే గుటక మింగాడు.

"షిప్పు నీకు ఇష్టమేనా స్వరూపా?" అని అడిగాడు.